ఏడుకొండలు కారు మీద కప్పిన పట్టా

ఏడుకొండలని ఒకడంట, కారు బాడుగకి తోలేవాడు. రెండు రాత్రిళ్లు కన్ను మూయకుండా తిరపతి బాడుగ తోలి, పొద్దున పదింటికి ఇంటికొచ్చాడంట. సాయంత్రం మళ్లీ పెళ్లోళ్ల బాడుగ. పడుకుందామంటే రేకుల ఇల్లు, పైగా కరెంటు లేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగుల్తయ్యి, మీకు తెలీందేముంది. వాడేం చేశాడంటే, ఖాళీగా ఉన్న మిరపకాయల కల్లంలో కారు నిలబెట్టి, ఇంజను ఆపకుండా ఏసీ పెట్టుకోని, "సామ్రాజ్యం, మూడింటికి లేపవే, ఈలోపల కదిలించమాక" అని సీటు వాల్చి పడుకున్నాడంట.

సామ్రాజ్యం వాడి పెళ్లాం. మొగుడంటే ప్రాణం అనుకో. అద్దాల మీద ఎండ ఫెళ్లున కొడతా ఉంటే దానికి మనసొప్పలా. అయ్యో, మొహాన ఎండ పడితే నిద్రెట్టా పడతది అనుకోని, మిరపకాయల రాశికి కప్పే టార్పాలిన్ పట్టా తెచ్చి కారు మొత్తం కప్పేసిందంట. మనకి కప్పటమంటే ఒకటే కప్పటం గదా, గాలికి లెగవకుండా అంచులు నేలకి దించి చుట్టూ రాళ్లు పెట్టటం. అట్టానే పెట్టింది. వెనకమాల మాత్రం రాయి చాలక పట్టా టపటపా కొట్టుకుంటంది. పక్కింటి ముసల్ది ఒకతి అరుగు మీంచి చూసి, ఆ చప్పుడికి కార్లో పడుకున్న బిడ్డ లెగుస్తాడేమోనని, తన రుబ్బురోలు పొత్రం మోసుకొచ్చి ఆ అంచు మీద పెట్టిందంట.

ఏమైందంటే, పొగగొట్టం వెనకే గదా ఉండేది. పొగ పోయే దారి లేక పట్టా కిందే తిరిగి తిరిగి కార్లోకి పోయింది. మూడింటికి సామ్రాజ్యం పట్టా లాగి తలుపు తీస్తే లోపల చల్లగానే ఉందంట. ఏసీ ఆడతానే ఉంది. మనిషే లెగలా. "లెగు మావా, పెళ్లోళ్లు చూస్తుంటారు, లెగు మావా" అని కుదిపి కుదిపి, అక్కడే కూలబడింది పిచ్చితల్లి. ఊరంతా మూగారు. ఆ గందరగోళంలో పొత్రం ఎవరు తీసుకుపోయారో ఎవరూ చూడలా.

టౌన్నించి వచ్చిన మెకానిక్కు అందరి ముందరే పొగ సంగతి చెప్పాడు. వెనక ఆ కాస్త సందు ఉన్నా బతికేవాడేమో అన్నాడు. అప్పట్నించీ ఆ పిల్ల రెండు చేతులూ చూసుకుంటా, "నేనే కప్పా అత్తా, రాళ్లన్నీ నేనే పెట్టా, నా మొగుణ్ణి నేనే చంపుకున్నా" అని ఏడుస్తది.

ఇంకెవరో అయినట్టు చెప్పుకొస్తన్నా గానీ, ఆ ముసల్ది నేనేనమ్మా. నాలుగేళ్లాయె. ఆ పొత్రంతోనే పచ్చడి రుబ్బుకు తింటన్నా. రోజూ పొద్దున్నే ఆ పిల్ల మా గడపలోకొచ్చి ఏడుస్తది, నేను ఊరుకోమంటా. అంతకుమించి నాకు నోరు రాలా. నేను పోయినాకన్నా మీలో ఎవరన్నా దానికి చెప్పండి, ఆ ఆఖరి రాయి నీది కాదమ్మా అని.