ఎర్రబిళ్ల గొర్రెలు

ముందే ఒప్పుకుంటున్నాను: ఈ ఇద్దరిలో నేను ఎవరి పక్షమో నాకింకా తేలలేదు. ఒకరు హైదరాబాదులో వైరస్‌ల మీద పరిశోధన చేసే రాధిక. రెండోవారు ఆమె మేనత్త మాలకొండమ్మ. 1996 ఎండాకాలం, మర్రిపాడులో అత్త గొర్రెల దొడ్డి.

“మళ్లీ సూదులు తెచ్చినావా? ఇంకెంత రక్తం తాగుతావే వాటిది?”

“ఎగతాళి తర్వాత అత్తా. చెవికి ఎర్రబిళ్ల ఉండేవాటిని ఇటు తోలు. నీలంబిళ్లవి అటు.”

“పదేళ్లు చదివి గొర్రెలకు కమ్మలు పెడతా ఉండావు. మీ నాయనేమో డాక్టరమ్మ, డాక్టరమ్మ అని ఊరంతా చెప్పుకుంటాడు. ఆత్మకూరు బస్టాండులో ఎవురో నడుంనొప్పికి మాత్రలడిగినాడంట.”

“నేను ఆ డాక్టరు కాదని చెప్పొచ్చు గదా.”

“ఏమని చెప్పేది? గొర్రె చీమిడి డాక్టరనా?”

“చీమిడి కాదు, పారుడు రోగం. ముక్కు కారతాది, నోరు పుండవతాది, పారుకుంటాయి, చస్తాయి. దాని టీకా కోసమే నా పదేళ్లూ పోయినాయి. ఇప్పుడు ఉద్యోగం కూడా పోయేట్టుండాది.”

“ఏందీ?”

“నీలంబిళ్ల వాటికి టీకా వేసినా, ఎర్రబిళ్ల వాటికి వట్టి నీళ్లు పొడిచినా. గుర్తుండాదా?”

“నీళ్లు పొడిచేదాన్ని నిన్నే చూసినా.”

“తేడా కనపడితేనే మందు పనిచేసినట్టు లెక్క. పోయినసారి రక్తం తీసకపోయినా గదా, ఈ రోగం ఊళ్లోకి రాకముందు? నీలంవాటి రక్తంలో రోగాన్ని తట్టుకునే బలం వచ్చుండాది. ఎర్రవాటిలో కూడా వచ్చుండాది!”

“మంచిదే గదా.”

“ఏం మంచిది? నీళ్లకు బలమొస్తాదా? ఏ సీసాలో మందో ఏ సీసాలో నీళ్లో తెలీని ఆడమనిషికి ల్యాబెందుకు, వంటిల్లు చాలదా అన్నాడు మా సారు, అందరి ముందర.”

“వాడి నోట్లో మన్ను బడ. ఎప్పుడన్నా గొర్రెను ముట్టుకున్నాడా వాడు?”

“బిర్యానీలో.”

“నవ్వొద్దు మే. నువ్వేమన్నావు?”

“ఏమంటాను? నేనే సీసాలు మార్చేసినానేమోనని నాకే అనుమానం. ఈసారి కూడా ఇట్లే వస్తే ప్రాజెక్టు మూసేస్తారు.”

“ఎండెక్కతా ఉండాది. మజ్జిగ తాగుతావా?”

“వద్దు. వెంకటరమణయ్య మామ మంద మొత్తం పోయిందంట గదా?”

“ఆఁ, ఈ రోగంతోనే. ఒక్కటీ మిగల్లే.”

“ఆయన మందా నీ మందా ఒకే కుంటలో గదా నీళ్లు తాగేది?”

“తాగితే?”

“నీ ఎర్రబిళ్లవి ఒక్కటి కూడా దగ్గలేదే?”

“పోలేరమ్మ చల్లగా చూసింది.”

“పోలేరమ్మకు వెంకటరమణయ్య మామ మీద ఏం కోపం? పోయినేడు పొట్టేలిచ్చింది ఆయనే గదా!”

“మజ్జిగలో కాస్త ఉప్పేసి...”

“మజ్జిగ వద్దన్నా గదా! అత్తా, టీకాలేసిన రోజు నేను బస్సుకు పోతా పోతా, మిగిలిన మందు సీసాలు పొయ్యిలో వెయ్యమని నీ చేతికిచ్చినా. వేసినావా?”

“వేసినా.”

“ఎప్పుడు?”

“అప్పుడే.”

“అత్తా.”

“సీసాలు వేసినా మే. ఖాళీవి.”

“ఖాళీవా? మందేమయింది?”

“పశువులాసుపత్రి గోవిందయ్యను పిలిచినా. నీ బస్సు ఊరు దాటకముందే పొడిచేసి పోయినాడు.”

“ఎర్రబిళ్ల వాటికా!”

“అన్నీ నా దొడ్లో పుట్టినవే గదా. ఒకే పంక్తిలో కూర్చోబెట్టి సగంమందికి కూర వేసి, సగంమందికి నీళ్లు పోసి లేపుతారా ఎవురన్నా? పైగా మిగిలింది పొయ్యిలో వెయ్యమంటివి. మందును కాలుస్తారా?”

“తెరిచిన సీసా దాచకూడదు అత్తా! అందుకే కాల్చమన్నా. అయ్యో... నన్నొక్క మాట అడిగుండొచ్చు గదా!”

“అడిగితే వద్దంటావు.”

“అంటాను! అనాల! మొత్తం నాశనం చేసినావు. మళ్లీ మొదట్నుంచి చెయ్యాల, అదీ చెయ్యనిస్తే. అయినా నిన్నని ఏం లాభం? నా చదువంటే నీకు ఏనాడూ నమ్మకం లేదు. చీమిడి డాక్టరంటివి, నీళ్లు పొడిచేదంటివి...”

“నాకా నమ్మకం లేంది? పనిచేస్తాదో లేదోనని సగం మందకు నీళ్లు పొడిచి పోయినదానివి నువ్వు. మా రాధిక చేసిన మందు గదా అని, నాకుండే ఆస్తికంతా పొడిపించింది నేను.”