వెనకవాడికి చెప్పాలి

వాన పడుతోంది. ఏడాది కిందట వెనకనుంచి లారీ గుద్దిన తర్వాత అక్క స్టీరింగు పట్టుకోవడం ఇదే మొదటిసారి. పక్క సీట్లో తమ్ముడున్నాడు.

“పెట్రోలు బంకు దాకా నడుపు చాలక్కా. అక్కణ్ణుంచి నేను తీసుకుంటా.”

“నీ కాలెందుకురా తొక్కుతోంది? అటువైపు బ్రేకు లేదు.”

“ముందు బస్సు ఆగిపోయిందక్కా.”

“చూశా. బ్రేకు తొక్కి వదిలి మళ్ళీ తొక్కుతున్నా. నాలుగు ఇండికేటర్లూ వేసేశా.”

“ఆగాం కదా, కళ్ళెందుకు మూసుకున్నావు?”

“వెనక లారీరా. ఆ రోజు ఉన్నపళంగా ఆపేశా. వెనకవాడికి తెలిసే దారే లేదు.”

“ఈసారి చెప్పావుగా. అద్దంలో చూడు.”

“ఆగాడు. వాడూ నాలుగూ వేశాడు. వాడి వెనక, మలుపు దాకా, ఒకరి తర్వాత ఒకరు వేస్తున్నారురా.”

కాసేపటికి బస్సు కదిలింది.

“బంకొచ్చిందక్కా. దిగుతావా?”

“సీటు వాల్చుకుని పడుకో. ఇల్లొచ్చాక లేపుతా.”