మెడచన్నుల మంద

"తాళ్ళు మార్చుకోవడం ఎంతసేపు చెల్లెమ్మా, ముందు నువ్వు తీసుకుంటున్న మేకపోతు పుట్టుపూర్వోత్తరాలు విను. విన్నాక, అయ్యో నా దగ్గర రెండు మేకలే ఉన్నాయే, ఇంకోటుంటే అదీ ఇచ్చేదాన్నే అని నువ్వే బాధపడతావ్."

ఈ మాటన్నది సిటీ బస్సు నడిపి రిటైరైన పెద్దాయన. నోరు తెరిస్తే "నూటికి నూరుపాళ్ళు" అంటాడు కాబట్టి వీధిలో అందరికీ ఆయన నూటికినూరు. విన్నది టీ కొట్టు ఆవిడ. కొట్టు వెనక కట్టేసిన రెండు మేకల పాలతోనే ఆవిడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా టీ పెడుతుంది. ఆ రెండూ ఇచ్చేసి ఆయన పోతుని తీసుకుంటే, వీధిలో మేకలన్నీ చూలు కట్టడానికి ఆవిడ దగ్గరికే వస్తాయి, ప్రతి ఈతలో ఒక పిల్ల ఆవిడకి దక్కుతుంది. ఏడాది తిరిగేసరికి మంద. అంతదాకా పాలు బయట కొనాలి. కుదిరితే కొట్టు నిలబడుతుంది, కుదరకపోతే మూతపడుతుంది. బెంచీ మీద సాక్షులు ఇద్దరు: ఎదురు కొట్టు దర్జీ, పశువుల ఆసుపత్రి కాంపౌండరు.

"మొదట్లో నాకున్నవి నలభై మేకలు. అందులో ఒకే ఒక్క పోతుకి మెడ కింద రెండు చన్నులు వేలాడుతుండేవి. మేక మెడ చన్ను అని సామెతే ఉందిగా, పాలూ రావు, పిల్లా తాగదు. మా నాన్న ఇంట్లో ఒకడిని ఎప్పుడూ అలాగే అనేవాడు. ఎవర్నని అడక్కండి."

"మిమ్మల్నేగా," అన్నాడు దర్జీ.

"అడక్కండన్నానా లేదా? సరే, ఆ కసితోనే అనుకో, ఈ చన్నుల్ని ఊరంతా పాకించకపోతే నా పేరు మార్చుకుంటానన్నాను. ఇదంతా చీటీల వ్యవహారం. ప్రతి మేక ఒంట్లో రెండు చీటీలుంటాయి, తల్లిచ్చింది ఒకటి, తండ్రిచ్చింది ఒకటి. దానికి పిల్ల పుట్టినప్పుడు రెంట్లో ఒకటి పిల్లకి పోతుంది. ఏది పోతుందో దానికీ తెలీదు, మనకీ తెలీదు. అవునా కాంపౌండరూ?"

"అవునండి, జన్యువులంటే అవే. చన్ను చీటీ ఒక్కటొచ్చినా చాలు, పిల్ల మెడ కింద వేలాడుతుంది. కానీ మంద పెద్దదై, ఎవరూ ఏరకుండా, బయటి మేక కలవకుండా ఉంటే ఆ చీటీల వాటా తరతరానికీ అంతే ఉంటుంది. దానంతట అది పెరగదు."

"హమ్మ! నా నోట్లో మాట లాగేసుకున్నావు. నేను చెప్పబోయేదీ అదే. నలభైలో ఒకటి, ఎనభై అయ్యాక రెండు. మేకలు పెరిగాయి, వాటా పెరగలా. ఎదురుచూసి ఎదురుచూసి కళ్ళు కాయలు కాశాయనుకో. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వరద! నడుం లోతు నీళ్ళు. బస్సు తెచ్చి మందలో దూకి, చేతికందిన మేకని అందినట్టు బస్సు పైకి విసిరేశా. ఆరు పట్టాయి. మిగతా డెబ్బై నాలుగూ కొట్టుకుపోయాయి. నీళ్ళు తీశాక చూద్దును కదా, ఆరింట్లో ఆ రెండూ ఉన్నాయి!"

"ఏరి ఎక్కించారన్నమాట," అన్నాడు దర్జీ.

"ఆ వానలో నా మొహమే నాకు కనపడలా, మేక మెడ కనిపిస్తుందా? ఏరలేదయ్యా, దొరికాయి. వాటి గొప్పా లేదు, నా గొప్పా లేదు, ఉత్త అదృష్టం. మంద చిన్నదైపోతే అంతే, నలభైకి ఒకటున్నది ఒక్క పూటలో మూడింట ఒకటైపోయింది."

కాంపౌండరు తలూపాడు. "ఇంతవరకూ జరగొచ్చండి."

"జరగొచ్చు ఏంటి, నూటికి నూరుపాళ్ళు జరిగింది! ఇక కుక్కల సంగతి విను. వరదకి ఎక్కడెక్కడి కుక్కలో వచ్చి మా మంద మీద పడ్డాయి. కుక్క మేకని ఎక్కడ పట్టుకుంటుంది? గొంతు. మామూలు మేక గొంతు దొరికిందా, పని అయిపోయింది. చన్నులున్నదాన్ని పట్టుకుంటే చన్ను నోట్లోకొచ్చేది, జారిపోయేది, మేక పరుగో పరుగు. అలా చన్నులు లేనివి తగ్గిపోయి, ఉన్నవి ఈని, నాలుగేళ్ళకి నూటికి తొంభై చన్నుల మేకలే. చివరికి ఆ కుక్కలు విసిగిపోయి గడ్డి తినడం మొదలెట్టాయి."

"గడ్డా!" అన్నాడు దర్జీ.

"రెండు కుక్కలు పాలు కూడా ఇచ్చాయి, ఆ సంగతి ఇప్పుడొద్దు. ఇంతలో పక్క వీధి మంద గోడ దూకి కలిసిపోయింది. అన్నీ బోడి మెడలే. తొంభై కాస్తా సగానికొచ్చింది. ఇంకొకడైతే ఏడ్చి కూర్చునేవాడు. నేనేం చేశానో తెలుసా? వాళ్ళ మేకలు మా మందలోకొస్తే, మా పోతులు వాళ్ళ మందల్లోకి పోకూడదా? తెల్లారి మొదటి ట్రిప్పు, సీటుకొక పోతుని ఎక్కించా. స్టాపుకొకటి చొప్పున ముప్పై ఆరు స్టాపుల్లో ముప్పై ఆరు పోతుల్ని దించా. టిక్కెట్టు కొట్టి మరీ దించా, నియమం నియమమే."

"కండక్టరు ఊరుకున్నాడా?" టీ కొట్టు ఆవిడ గ్లాసులు కడుగుతూ అడిగింది.

"ఊరుకోవడమేంటి, ఒక పోతు దిగాల్సిన స్టాపు దాటిపోతే వాడే విజిలేసి ఆపాడు. మూడేళ్ళలో ఆ రూటు పొడుగునా చన్ను లేని మేక కనపడితే జనం ఆగి చూసేవాళ్ళు. నూటికి నూట ఇరవై!"

దర్జీ మెడలో టేపు తీసి పక్కన పెట్టాడు. "నూటికి నూట ఇరవై ఎలాగండీ?"

"ఇరవై ఇంకా కడుపులో ఉన్నాయి. వాటిని లెక్కలోంచి తీసేయమంటావా, పాపం? ఆ తర్వాత అసలు విశేషం. తొమ్మిదో తరంలో ఆ చన్నుల్లో పాలు పడ్డాయి! కింద పొదుగులో పాలు, పైన మెడలో మీగడ. పితకడానికి నడుం వంచక్కర్లేదు, నిలబడే పితుక్కోవచ్చు. పదో తరానికి మెడ చుట్టూ పన్నెండు చన్నులు. ఒకదాన్ని నొక్కితే డికాషన్ వచ్చింది. నేను నమ్మలా. తాగి చూశాక నమ్మాను."

"చక్కెర?" అడిగాడు దర్జీ.

"అదే రాలా. నేను అబద్ధమాడను. ఇదిగో, ఆ వంశంలో పదకొండో తరం పోతు ఇది. వీధి మేకలన్నిటికీ దీని చీటీయే పాకాలి. తాళ్ళు ఇలా తే చెల్లెమ్మా."

ఆవిడ చేతులు తుడుచుకుని వచ్చింది. ముందు పెద్ద మేక తాడు విప్పింది. అది కొట్టు వైపే లాగుతుంటే దాని నుదురు నిమిరింది. ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయి.

"అన్నయ్యా, మీగడలూ డికాషన్లూ నాకొద్దు. పన్నెండేళ్ళుగా టీ కొట్టు నడుపుతున్నా, నాకు కథలు కొత్తా? ఇవి రెండూ ముసలివైపోతున్నాయి. అవి వట్టిపోతే నా కొట్టు కూడా వట్టిపోతుందని భయంతో ఒప్పుకున్నాను. ఒక్కటి చెప్పు చాలు. దీనివల్ల పిల్లలైతే పుడతాయి కదా?"

"నూటికి నూరుపాళ్ళు! నా మాట మీద నమ్మకం లేదా?"

ఆవిడ తాడు చాచింది. పెద్దాయన చెయ్యి చాచాడు. అప్పటిదాకా గ్లాసులోకే చూస్తున్న కాంపౌండరు లేచి మధ్యలో నిలబడ్డాడు.

"అక్కా, తాడు వదలొద్దు."

"ఏమయ్యా, నడమంత్రాన నీకేమొచ్చింది?"

"చెప్పనని మాటిచ్చానండి, కానీ ఆవిడ నోటి దగ్గర కూడు తీస్తుంటే చూస్తూ ఎలా కూర్చోను? ఈ పోతు చీటీలు వచ్చే తరానికి ఎన్ని పోతాయో నేను చెబుతా. సున్నా. మూడు నెలల కిందట, ఇక పిల్లలు పుట్టించకుండా నేనే దీనికి విత్తులు నొక్కాను."

పెద్దాయన పోతు వైపు చూశాడు, కాంపౌండరు వైపు చూశాడు. "నా పోతుకా? నాకు తెలీకుండానా? నేనెక్కడున్నానప్పుడు?"

"ఇదే బెంచీ మీద, కథ చెబుతున్నారు. మీ ఆవిడే తోలుకొచ్చారు, పోతు కంపు భరించలేకపోతున్నానని."

టీ కొట్టు ఆవిడ తాడు రెండు చుట్లు చేతికి చుట్టుకుని మేకని వెనక్కి తిప్పుకుంది. పెద్దాయన గొంతు మొదటిసారి చిన్నదైంది.

"మరి మా ఆవిడ నాకెందుకు చెప్పలేదయ్యా?"

కాంపౌండరు కాస్త ఇబ్బందిగా దర్జీ వైపు చూసి చెప్పాడు. "చెబితే మీరు నలుగుర్ని కూర్చోబెట్టి, ఆ ఆపరేషను కూడా నేనే చేశానంటారని."