వదినె శుక్రవారాలు

"అమ్మమ్మా, మా తాతను ముసలోళ్ల హోంల చేర్పిస్తున్నరు. ఈ ఫారంల ఖర్చు ఎవరు పెట్టుకుంటరని అడిగిండ్రు. గవర్నమెంట్ సబ్సిడీ అని టిక్ పెట్టమన్నడు డాడీ, ఈజీ లా. ఒకసారి చూస్తరా?"

ఇటియ్యి బిడ్డా. పక్కింటి పిల్లవైనా నాకు మనుమరాలి లెక్కనే. కళ్లద్దాలు ఏడ పెట్టిననో... ఆఁ, దొరికినయ్. అగో, ఇదే గడి. ఇంకా సంతకం పెట్టలె గదా? మంచిగైంది. జర కూసో. నీకొక ముచ్చట చెప్పాలె.

మా ఆడిబిడ్డ ఉండె, సరోజన వదినె. మా ఆయనకు అక్క. పెండ్లి చేసుకోలె. నర్సు పని నేర్చుకొని ఎన్నడో ఈ దేశమొచ్చింది, ఇక్కడి పాస్‌పోర్టే తీసుకున్నది. ఇక్కడి మలయ్ భాష గూడ మన తెలుగు లెక్కనే మాట్లాడుతుండె. ఆమె రమ్మంటేనే మేమొచ్చినం. అప్పుడు కంప్యూటర్ పనుల జోరు. రెండువేల సంవత్సరం రాంగనే మిషిన్లన్నీ ఆగమైతయని భయం, మన పోరగాండ్లు విమానాలకు విమానాలే దిగుతుండిరి. మా ఆయన గూడ గట్లనే వచ్చిండు. హాకర్ సెంటర్ల, అదే తిండి దుకాణాలల్ల, కోపీ అంటే కాఫీ అరవై సెంట్లుండె... కాదు కాదు, యాభయ్యే. అరవై తర్వాతైంది. ఆఁ, ఏం చెప్తున్న?

వదినెకు పక్షవాతమొచ్చింది. ఎడమ పక్క మొత్తం పడిపోయింది. మొదటి ఏడాది తన ఫ్లాట్లనే ఉన్నది, పనిమనిషిని పెట్టుకొని. నడవరానోళ్లకిచ్చే పాస్ ఒకటుండె ఆమెకు. వెనుక లిఫ్టుండే వ్యాన్ వచ్చి, చక్రాల కుర్చీతో సహా ఎక్కించుకొని, శుక్రవారం శుక్రవారం టాంపినీస్‌ల మా బ్లాక్ కింద దించుతుండె. పదకొండింటికి వస్తే రెండింటిదాంక మా ఇంట్లనే. తినుడు, నన్ను ఆటపట్టిచ్చుడు. పులుసుల ఉప్పు తక్కువైతే, మీ అమ్మ కట్నంల ఉప్పు ఇచ్చుడు మర్చిపోయిందా అంటుండె.

ఆ పనిమనిషి ఊరికి పోయింది. ఆమెను ఎత్తి దించుడు నాతోని గాలె, అబద్ధమెందుకు. చోవా చూ కాంగ్ దిక్కు ఒక హోంల చేర్పించినం. ఖర్చంత నా పైసలతోనే కట్టండ్రి అన్నది వదినె. నర్సు పని చేసి కూడబెట్టుకున్నది ఉండె మరి. మా ఆయన వినలె. ఆడపిల్ల సొమ్ము తింటే ఉసురు తగుల్తదని మా దిక్కు పట్టింపు. మా అత్త చచ్చిపోయేటప్పుడు చేతుల చెయ్యేయించుకున్నదంట, అక్క సొమ్ము ముట్టనని. సగం గవర్నమెంటు, సగం నేను, అని రాసి సంతకం పెట్టిండు. మంచిగనే చేసిండనుకున్న నేను గూడ.

నెల తిరగంగనే వ్యాన్ బందైంది. సర్కారు సాయంతోని హోంల ఉన్నోళ్లను హోమే చూసుకుంటదని లెక్కనంట, అందుకే పాస్ ఆపిండ్రు. ట్యాక్సీల పెడదామంటే ఆమె కుర్చీ మడవరాదు. రూలు రూలే, ఏం జేస్తం అన్నడు మా ఆయన.

ఆదివారం చూడబోయిన. వదినె నా మొకం దిక్కు చూసి మెల్లగ అడిగింది. "మొన్న శుక్రవారం చింతపండు పిసుక్కుంట ఎందుకేడ్సినవ్ విమలా?"

ఆ రోజు మా అమ్మ యాదికొచ్చి ఏడ్సిన, నిజమే. ఇంట్ల ఎవ్వరు లేరు, మా ఆయనకు గూడ చెప్పలె. నర్సును అడిగిన, మా వదినె ఎటన్న పోయిందా అని. మంచం దిగలేదన్నది. కని ఆ రోజు పొద్దున పది దాటినంక కండ్లు తెరిచే ఉన్నదంట, ఎంత పిలిచినా పలకలేదంట.

మళ్ల ఆదివారం ఇంకోటి చెప్పింది, వంటింట్లకు పావురం వచ్చిందని. వచ్చింది బిడ్డా. చీపురుతోని నేనే తోలిన. అప్పటి సంది నాకు శుక్రవారమంటే భయం. పదింటికే ఇంటికి తాళమేసి, పోయి ఎమ్మార్టీ రైలు స్టేషన్ల కూసుంటుంటి. సొంత ఆడిబిడ్డకు భయపడి ఇల్లిడిచి పోయిన. సిగ్గుగాలేదా అంటే, అయ్యింది.

మూడో ఆదివారం, "తమ్ముడు ఒక కాయితం బియ్యం డబ్బా కింద పెట్టిండు, సూడు" అన్నది. ఆ శుక్రవారం ఆయనకు సెలవుండె, నేను స్టేషన్‌కు పోయినా ఆయన ఇంట్లనే ఉన్నడు.

ఇంటికొచ్చి డబ్బా ఎత్తిన. ఉన్నది. పాస్ ఆఫీసు కాయితం. సర్కారు సాయం వద్దని, ఖర్చంత మేమే కట్టుకుంటమని మీరంటే పాస్ మళ్ల ఇస్తమని రాసున్నది. అంటే అక్క పైసలు ముట్టాల్సొస్తదని దాచిపెట్టిండు. అంత ఖర్చు ఆయన జీతంతోని గాదు.

నేను ఎన్నడు ఆయనకు ఎదురు మాట్లాడలె. ఆ రోజు మాట్లాడిన. "సొమ్ము ముట్టనని ఒట్టేస్తివి, సరే. ఆమె కాళ్లు గుంజుకున్నవ్ గదా" అన్న. మనిషి చెడ్డోడు కాదు బిడ్డా, ఏడ్సిండు. తెల్లారి పోయి అన్నీ మార్పించిండు. అయినా పాస్ వచ్చేటాలకు ఇంకా అయిదు శుక్రవారాలు పోయినయ్.

వ్యాన్ దిగి వదినె ఇంట్లకొచ్చింది. ఇల్లంత చూసింది, పచ్చిపులుసు కలుపుకొని తిన్నది. ఇప్పుడు గూడ అట్ల కనబడుతదా వదినే అని అడిగిన, నవ్వులాటకే అడిగిన. ఆమె నవ్వలె.

"లేదు. ఇప్పుడైతే మీరు పలుకుతున్నరు గదా. అప్పుడు ఈ గడప కాడ నిలబడి ఎంత పిలిచినా ఒక్కరన్న ఇటు తిరగకపోతిరి. నేను సచ్చిపోయిననేమో, ఎవ్వరు చెప్పలేదేమో అనుకున్న విమలా."

ఆమె చెయ్యి పట్టుకున్న. ఆ తర్వాత ఇంకా రెండేండ్లు బతికింది. ఒక్క శుక్రవారం తప్పలె. మా ఆయన గూడ ఆమె ఎనుకనే పోయిండు.

అందుకే చెప్తున్న బిడ్డా. ముందుగల తాతను అడుగుండ్రి, ఏడికి పోవాలనుంటది, ఎవర్ని చూడాలనుంటదని. ఈ గడిల టిక్ పెడితే ఏం ఆగిపోతదో ఆఫీసుల అడిగి, అప్పుడు సంతకం పెట్టుండ్రి. పైసలు ఎవరియైతేంది. మనిషి బయటికి రావాలె గదా.

వదినె పోయినంక నేను ఒకటి నేర్చుకున్న. వినబడ్డా వినబడకున్నా, శుక్రవారం పదకొండైతే తలుపు దిక్కు తిరిగి, ఆఁ వదినే, రా అంట. ఎవరన్న నవ్వితే నవ్వనీ.

చల్లగుండు తల్లీ, మీ తాత గూడ చల్లగుండాలె. ఇయ్యాల శుక్రవారమే, పదకొండు కావొచ్చింది, జర లేచి ఇటుపక్క కూసో. గడపకడ్డం కూసున్నవ్, కుర్చీ రావాలె.