పొయ్యి రగిలిన ఇల్లు

సభాధ్యక్షులు హెడ్మాస్టరు దేవమణి గారికీ, ఈ సన్మానం జరిగి తీరాలని పట్టుబట్టిన సర్పంచి మంగరాజు గారికీ, ముందు వరసలో కూర్చోమంటే ససేమిరా అని తలుపు దగ్గరే చతికిలబడ్డ మా సోములమ్మక్కకూ, అనంతగిరి నుంచి వానలో తడుస్తూ వచ్చిన మిత్రులందరికీ నమస్కారాలు.

ఇందాక పెద్దలు నన్ను గొప్ప కళాదర్శకుడన్నారు. సినిమాలో నా పని ఇళ్లు కట్టడం, పని కాగానే పడగొట్టడం. కోటలు కట్టాను, జమీందారు మేడలు కట్టాను, అన్నీ తుమ్మితే ఊడే ముక్కులే. (నవ్వులు) అయినా ఒక మాట చెప్పుకోవాలి. కథ చెప్పేది నటులూ మాటలూ మాత్రమే కాదు. పెద్ద హాల్లో తండ్రి ఎంత అరిచినా కొడుకు దూరంగానే ఉంటాడు, ఇరుకు వంటింట్లో గుసగుసలాడినా ఇల్లంతా వింటుంది. ఇది మద్రాసులో నేర్చుకున్నాను గానీ, నమ్మింది మాత్రం ఇక్కడే.

తొంభై ఒకటిలో, అసిస్టెంటుగానే తల నెరిశాక, నాకు స్వతంత్రంగా మొదటి సినిమా దొరికింది. కథలో కొండమీద ఒక తల్లి ఇల్లు, చివర్లో షావుకారు దాన్ని తగలబెడతాడు. ఆ ఇల్లు కట్టడానికి ఈ ఊరొచ్చి, సోములమ్మక్కనీ, ఆవిడ పెనిమిటి భీముణ్నీ, పాపం ఆయన ఇప్పుడు లేడు, పిలిచి మట్టిగోడలు మూడు చాలు, నాలుగో వైపు కెమెరాకి వదిలెయ్యండని చెప్పి, సామాన్ల కోసం విశాఖపట్నం వెళ్లాను. వానలకి బొర్రా దగ్గర లైను మీద బండలు పడి రైళ్లు ఆగిపోయాయి. తిరిగొచ్చేసరికి ఇల్లు నాలుగు గోడలతో నిలబడి ఉంది. గుమ్మం నా ఛాతీ ఎత్తు. లోపల పొయ్యి మండుతోంది. మూడు గోడలన్నాను కదా అంటే అక్క నా వంక జాలిగా చూసింది.

"వాన కొడితే పొయ్యి ఆరిపోదేటి బాబూ? నాలుగో గోడ మరిసిపోనావేమోననుకుని మేమే ఎట్టేసినాం." (నవ్వులు)

డైరెక్టరు గారొచ్చి, గోడైనా పడాలి, నువ్వైనా పోవాలి అన్నారు. పొయ్యి రగిలించిన ఇంటి గోడ కూల్చడం, దానికి నిప్పు పెట్టడం ఈ ఊళ్లో లేదు. కూలికొచ్చినవాళ్లంతా పారలు కింద పెట్టి కూర్చున్నారు. నా బతుకుతెరువు ఆ గోడ మీదే ఉంది. ఒక్కసారి లోపలికి రండి సార్, అన్నాను. ఆయన ఆరడుగుల మనిషి, ఎవరికీ తల వంచిన పాపాన పోలేదు. నడుం వంచి దూరి, పొగకి కళ్లు నులుముకుంటూ నిలబడ్డారు. అక్క రాగిపిండి పోసి చోడి అంబలి కలుపుతోంది. డైరెక్టరు గారు ఆ పొయ్యి వంకా, తను దూరి వచ్చిన గుమ్మం వంకా చూశారు. తర్వాత, "షావుకారు కూడా ఇలాగే వంగి రావాలి" అన్నారు.

అంతే, కెమెరా లోపలికి, పొయ్యి పక్కకి వచ్చింది, కథ మారిపోయింది. తల్లిని బయటికి ఈడ్చడానికి షావుకారు ఆ గుమ్మంలో వంగుతాడు, వంగినవాడికి ఎదురుగా పొయ్యి కనబడుతుంది, ఇక నిప్పు పెట్టలేడు. ఆ సీనుకి అందరూ రచయితని మెచ్చుకున్నారు. నేను గుమ్మాన్ని మెచ్చుకుంటాను. షూటింగయ్యాక అక్క కుటుంబం అందులోనే కాపురం పెట్టింది. నేను కట్టించినవాటిలో ఇవాళ నిలబడి ఉన్నది అదొక్కటే.

(సర్పంచి వైపు తిరిగి) మంగరాజు గారూ, కోప్పడకండి. ఆ ఇంటిని యాత్రికులకి చూపిస్తామనీ, వాళ్ల తలలు తగలకుండా గుమ్మం ఎత్తు పెంచుతామనీ, అక్కకి రోడ్డు పక్కన స్లాబు ఇల్లు కట్టించి అక్కడికి పంపుతామనీ, గోడకి రోనాల్డ్ అని నా పేరుతో పలక పెట్టిస్తామనీ అన్నారు. మీ అభిమానం ఎరుగుదును. పేరంటే నాకూ ఆశే, కాదనను. కానీ పొద్దున అక్కని అడిగాను.

"కొత్తిల్లు ఇత్తే ఇయ్యమను, మా కూతురు సోనికి పనికొత్తది. నానెళ్లిపోతే ఈ పొయ్యి ఎవులు ఎలిగిత్తారు?" అంది.

దేవమణి గారూ, మీరు కప్పిన శాలువా వెచ్చగా ఉంది, మనసు నిండింది. పలక మాత్రం వద్దు. గుమ్మం ఎత్తకండి. వచ్చేవాళ్లని వంగే రానివ్వండి, ఒకరిద్దరికి బొప్పి కట్టినా ఫరవాలేదు. (నవ్వులు) నా చేతుల మీద లేచినవన్నీ సెట్లు, అదొక్కటే ఇల్లు. అక్కని పంపేసి ఆ పొయ్యి ఆర్పారంటే, గోడలు నాలుగున్నా అదీ సెట్టే అయిపోతుంది. నాకు చాలా బాధగా ఉంటుంది, అందుకే ఇంతమందిలో అడుగుతున్నాను.

ఓపిగ్గా విన్నారు, అందరికీ కృతజ్ఞతలు. అదుగో, అక్క అప్పుడే లేచింది. పొయ్యి మీద అంబలి పెట్టి వచ్చిందట, నన్నూ తాగిపొమ్మంది. వంగి వెళ్లాలి. సెలవు.