ఉలవచేను పీకుడా, కోసుడా

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు. మోతె దగ్గర, దొర పారిపోయినప్పుడు సంఘం పంచిన చెలకలో అక్కాతమ్ముళ్లు ఉలవచేను చూస్తున్నారు. దొర ఈ మధ్యనే తిరిగి ఊళ్లోకి వచ్చాడు.

"సర్కారు యవుసాయం ఫారంల పనిచేస్తున్నవ్ గద తమ్మీ, గీ వేళ్లకు బుడిపెలేంది? రోగమా?"

"రోగం గాదక్కా. ఒకటి గోటితోని గిల్లి సూడు."

"లోపల నెత్తురు లెక్క ఎర్రగున్నది."

"ఎర్రగుంటే మంచిదే. అండ్ల కంటికి కనపడని పురుగులుంటయ్. గాలిల ఉన్న సత్తువను పట్టి మొక్కకిస్తయ్."

"ఊకెనే ఇస్తయా?"

"మొక్క వాటికి తిండి పెడ్తది."

"మరి పంట ఇంటికొచ్చినంక ఆ సత్తువ యాడికి పోతది?"

"మనం ఉలవను వేళ్లతోని పీకుతం గద, మనెంబడే వస్తది. కొడవలితోని కోస్తే వేళ్లు మట్టిల్నే మురిగి, వచ్చే యేడు జొన్నకు బలమైతది."

"వచ్చే యేడు."

"దొర మనిషి నిన్న గట్టు దాక వచ్చిండంట గద?"

"వచ్చిండు. నేను గీడనే నిలబడి ఉన్న. సూసి పోయిండు. పక్క చెలకలోళ్లకు గూడ ఈ వేళ్ల ముచ్చట చెప్పినవా?"

"చెప్పిన. రేపు భూమి గుంజుకుంటే దొర జొన్నకు మనమెందుకు బలమియ్యాలె, ఎప్పటిలెక్కనే పీకుతమన్నరు."

"నువ్వేమంటవ్?"

"చెలక నీది. నువ్వే చెప్పాలె."

"ఇంట్ల కొడవలి మొద్దువారింది. పదును పెట్టియ్యి తమ్మీ."