పంది తొడకు బదులు మార్జరీ

ఏమయ్యా రస్, నిచ్చెనెక్కి వచ్చావు సరే, ఆ మొహమేంటి అలా పెట్టావు? మీ ఫైర్‌స్టేషన్ వాళ్ళు ఇంతకుముందు ఎవర్నీ దించలేదా? పిల్లుల్ని దించారా. అవునులే, పిల్లి కంటే నేను కాస్త బరువే.

కాసేపు అలా నిలబడు. నన్ను మోస్తున్న ఈ తొట్టి గాల్లో ఎందుకాగిందో తర్వాత చూద్దువుగాని. కరెంటు స్తంభాలు బాగుచేసే బండి, ఆగుతుంది, కదులుతుంది, దానిష్టం. సరిగ్గా మధ్యాహ్నం పన్నెండుకి నేను కిందికి దిగాలి. ఏటా పైనుంచి ఏదో ఒకటి దించి కొత్త సంవత్సరం మొదలెట్టడం మన ఊరి ఆనవాయితీ కదా, ఈసారి నేను దిగితే కొత్త సంవత్సరం వచ్చినట్టు. మరి సగంలో ఆగాను కదా, ఇప్పుడు మన ఊళ్ళో ఏ సంవత్సరం నడుస్తోందో నాకూ తెలీదు.

పట్టపగలేంటని నన్నడక్కు. అర్ధరాత్రి పెడితే పిల్లలు నిద్రపోతారు, ముసలాళ్ళు మంచులో జారిపడతారు. అందుకని పగలు. కేకలేస్తే కొందరు హడలిపోతారు, కుక్కలు మంచాల కింద దూరతాయి. అందుకని మౌనం. అంకెలు కూడా చేతులూపుతూనే లెక్కపెట్టాలి. అదిగో చూడు, ఊరు ఊరంతా చేతి తొడుగులు ఊపుకుంటూ నిలబడింది. సున్నా దాకా వచ్చి, నేను దిగలేదని మళ్ళీ పది నుంచి మొదలెట్టారు. పాపం, ఎన్నోసారో.

అందరూ కలవాలి, ఎవరి మనసూ నొచ్చుకోకూడదు. అంతే కదయ్యా నేను కోరింది? కమిటీ పెట్టిందీ నేనే, లైబ్రరీ కింది గదిలో అందరికీ కాఫీ కాచిందీ నేనే.

ఇన్నేళ్ళూ ఏం దించేవాళ్ళం? పంది తొడ. ప్లైవుడ్ తొడ, చుట్టూ బల్బులు. కొత్త సంవత్సరం రోజు పంది మాంసం, పులిసిన క్యాబేజీ తినకపోతే అదృష్టం రాదనుకునే ఊరికి అంతకంటే ఏం కావాలి? వెల్డా మొగుడు క్లెమ్ చేశాడు దాన్ని, వాళ్ళ షెడ్డులో కూర్చుని. ఆయన పోయాక ఏటా వెల్డాయే రంగేసేది.

ఈసారి కమిటీలో నేనేమన్నానూ, పంది తినని వాళ్ళు కూడా ఊళ్ళో ఉన్నారు, వాళ్ళేమనుకుంటారూ అన్నాను. మందుల షాపు రషీద్ గారు అక్కడే ఉన్నారు. "ప్లైవుడ్ ఎవరు తింటారండీ, ఉండనివ్వండి, మా పిల్లలకి ఆ బల్బులంటే ప్రాణం" అన్నారు. మొహమాటానికి అంటున్నారనుకున్నాను. ఆయన తరఫున నేనే నొచ్చుకున్నాను. ఓటుకి పెట్టి చేతులెత్తించాను. తొడ ఓడిపోయింది.

మరి దాని బదులు ఏం దించాలి? క్యాబేజీ అంటే గ్యాస్ పట్టేవాళ్ళు ఒప్పుకోలేదు. నక్షత్రం అంటే ఏ మతం నక్షత్రమన్నారు. గుడ్డు అంటే, గుడ్లూ పాలూ ముట్టని ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. బంతి అంటే, పెద్ద నగరాల్లో దించేది అదేగా, వాళ్ళని కాపీ కొడతామా అని ఒకాయన లేచాడు. పోనీ ఉత్త తాడు దించుదామంటే అది మరీ అపశకునంట. చివరికి ఎవరో అన్నారు, మనిషిని దించుదాం, మనిషంటే ఎవరికి అభ్యంతరం అని. ఏ మనిషి అనేసరికి మళ్ళీ మొదలు. ఎవరికీ మరీ ఇష్టం లేని, ఎవరికీ మరీ కిట్టకుండా పోని మనిషైతే బాగుంటుందన్నారు. అందరూ నా వైపు చూశారు.

కోటు రంగుక్కూడా ఓటే. ఎరుపు ఒక పార్టీది, నీలం ఇంకో పార్టీది. అందుకే నాకీ గోనెసంచి రంగు.

నవ్వకయ్యా, నిచ్చెన ఊగుతోంది.

వెల్డా మాత్రం తొడ ఓడిపోయిన రోజే కుర్చీ మడిచి గోడకానించి లేచిపోయింది. అరవలేదు. "క్లెమ్‌ని రెండోసారి పాతిపెట్టావు" అంది, అంతే. చిన్నప్పట్నుంచీ ఒకే వీధి మాది. నా పెళ్ళికి నాకు జడేసింది అది. ఆ రోజు నుంచి మాటల్లేవు. ఫోన్ చేస్తే పెట్టేస్తుంది. ఆపిల్ పై కాల్చి గిన్నెతో వాళ్ళ గుమ్మంలో పెట్టొస్తే, గిన్నె కడిగి మా గుమ్మంలో పెట్టి పోతుంది. అందులో తీపి మాత్రం తింటుంది. అది పారేసే రకం కాదు, నాకు తెలుసు.

ఊళ్ళో ఒక్కరూ నొచ్చుకోకూడదని ఇంత చేశానా, నొచ్చుకున్నది అదొక్కతే. నాకున్నదీ అదొక్కతే.

ఇప్పుడడుగు, తొట్టి ఎందుకాగిందని. ఆగలేదయ్యా, నేనే ఆపాను. ఇదిగో, ఈ ఎర్ర మీట. దిగుతుంటే కనపడింది నాకు. చచ్చినా రాదనుకున్న వెల్డా, బ్యాంకు మెట్ల మీద, పచ్చ టోపీ పెట్టుకుని. ఊరంతా చేతులూపుతుంటే అదొక్కతే చేతులు జేబుల్లో పెట్టుకుని నన్నే చూస్తోంది. నేను దిగితే ఏమవుతుంది చెప్పు? కొత్త సంవత్సరం వస్తుంది, అందరూ ఇళ్ళకి పోతారు, అదీ పోతుంది. ఇక్కడున్నంతసేపూ తలెత్తి చూడక ఏం చేస్తుంది?

ఉండు, వినపడిందా? అదే, వెల్డాయే. "మార్జరీ, దిగవే ముదనష్టపుదానా, చలికి కొయ్యబారి చస్తావు" అంటోంది. గుసగుస కూడా పనికిరాదని కమిటీ తీర్మానం, అది చూడు ఎలా అరుస్తోందో. కుక్కలన్నీ మొదలెట్టాయి.

ఆ మీట జోలికి రాకు రస్. కాళ్ళు తిమ్మిరెక్కాయి, ముక్కుందో లేదో కూడా తెలీడంలేదు, అన్నీ నిజమే. దిగుతానయ్యా, దిగక ఎక్కడికి పోతాను. ఇంకొక్కసారి తిట్టనీ.